ఒక్క కుర్చీకి ఇద్దరు బావలు

మా అన్నయ్య నా గుమ్మం తొక్కడం మానేశాడు. కారణం నేను కాదు, మా ఆయన కూడా కాదు. చేతులున్న ఒక చెక్క కుర్చీ. వినేవాళ్ళకు నవ్వొస్తుంది. నాకూ వస్తుంది, కాకపోతే ముందు పళ్ళు కొరుక్కుని ఆ తరవాత నవ్వుతాను.

మాది తూనికలు, కొలతల ఆఫీసు. 'మాది' అని ఊరికే అనడం లేదు. మా అన్నయ్య అక్కడ గుమాస్తా. మా ఆయన అక్కడ గుమాస్తా. వాళ్ళ వెనకే కొన్నేళ్ళకు పరీక్ష రాసి చేరిన నేనూ గుమాస్తానే, కాకపోతే టైపు బాగా వచ్చిన గుమాస్తాని, అంటే అందరి పనీ నా నెత్తినే. దుకాణాలవాళ్ళు గోనెసంచుల్లో ఇనప గుండ్లు మోసుకొస్తారు. తూచి చూసి, గుండు అడుగున గుంటలో ఉన్న సీసం మీద ఆ ఏటి ముద్ర కొట్టి పంపిస్తాం. ముద్ర లేని గుండుతో తూచినవాడు మా చేతికి చిక్కాడా, ఇక అంతే సంగతులు. ఊరందరి తూకాలూ సరిచేసే ఆఫీసులో ఇద్దరు మనుషుల్లో ఎవరు పెద్దో తేల్చలేక అందరం తలలు పట్టుకున్నాం.

అసలు చిక్కంతా పుట్టుకలోనే ఉంది. మా ఆయన నాకు మేనమామ కొడుకు. మా అమ్మ మా అన్నయ్యనీ, మా మేనమామ భార్య మా ఆయననీ ఒకే ఇంట్లో, ఒకే తెల్లవారుజామున కన్నారు. ముందు గదిలో ఒకరు, వెనక గదిలో ఒకరు. ఏ గదిలోంచి ఏడుపు ముందు వినిపించిందో చెప్పగలిగిన మంత్రసాని ఎప్పుడో పోయింది. అమ్మని అడిగితే కస్సుమంటుంది.

"నా నొప్పులు నావి. గడియారం చూసుకుంటూ కనడానికి నేనేమైనా రైలు స్టేషన్లో కన్నానా?" అంటుంది.

పోనీ బడి రికార్డు చూద్దామంటే అది మరీ అన్యాయం. ఇద్దర్నీ ఒకే రోజు బడిలో వేశారు. పుట్టిన తేదీ అడిగితే ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆ హెడ్మాస్టరుగారిది ఒక అలవాటు ఉండేదట: తేదీ తెలియని పిల్లలందరికీ కలిపి ఒకటే తేదీ రాసేసేవారు. కాగితం ప్రకారం ఆ తరగతి మొత్తం ఒకే రోజున ఊడిపడింది. ఆ తరవాత ఇద్దరూ ఒకే ఉద్యోగానికి పరీక్ష రాసి, సమానంగా మార్కులు తెచ్చుకున్నారు. పక్కపక్కన కూర్చుని రాస్తే ఇంకెలా వస్తాయి? ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఒక్క టీ తెప్పించుకుని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగేవారు. "మా బావకి కాకపోతే నా చెల్లెల్ని ఇంకెవడికిస్తాను?" అని మా అన్నయ్యే పట్టుబట్టి నా పెళ్ళి చేశాడు. ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లోనే ఉండేవాడు, పొమ్మన్నా పోయేవాడు కాదు.

అలాంటివాళ్ళ మధ్యకి సూపరింటెండెంటు కుర్చీ వచ్చిపడింది. పాత సూపరింటెండెంటుగారు రిటైరయ్యారు. ఉన్నది ఒకే ఖాళీ. వీళ్ళిద్దరికీ రిటైరయ్యే గడువు దగ్గరపడింది. హెడ్మాస్టరుగారి పుణ్యమా అని ఇద్దరికీ ఒకే రోజు. ఆ కుర్చీ ఎక్కకపోతే గుమాస్తాగా చేరి గుమాస్తాగానే ఇంటికి పోవాలి. రూలేమో ఇలా ఉంది: ఒకే రోజు చేరినవాళ్ళయితే మార్కులు చూడాలి, మార్కులూ సమానమైతే వయసులో పెద్దవాడు సీనియరు. వయసు కూడా ఒకటే అయితే ఏం చెయ్యాలో ఆ రూలు రాసిన మహానుభావుడికి తట్టలేదు.

మా పెద్దాఫీసరుకి నెమ్మది ఎక్కువ, ధైర్యం తక్కువ. హాజరుపట్టీలో పైనున్న పేరు చూసి మా ఆయనకి ప్రమోషన్ ఇచ్చేశారు. ఆ పేరు పైన ఎందుకుందంటే, ఎప్పుడో రాసినవాడి కలం అలా పోయింది, అంతే. మా అన్నయ్య అదే రోజు లాయరు దగ్గరికి పరిగెత్తాడు. కొన్నాళ్ళకి కోర్టు మా ఆయన ప్రమోషన్ ఆపింది. మా ఆయన దిగాడు, మా అన్నయ్య ఎక్కాడు. ఈసారి మా ఆయన పైకోర్టుకి పోయాడు. అన్నయ్య దిగాడు, ఈయన ఎక్కాడు. మళ్ళీ అన్నయ్య అప్పీలు. ఒక్కొక్కడు ఎక్కినప్పుడల్లా రెండోవాడి కుషను తీసి బయటపడేయడం, తన తువ్వాలు తెచ్చి కుర్చీ వీపున ఆరేయడం.

ఎవరు ఎక్కితే వాళ్ళ బల్ల దగ్గరికి ఆ కుర్చీని మోసే పని మా అటెండరుది. పాపం, ఒకరోజు నడుం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, కోర్టువారికి ఒక్క మాట రాయండి. ఈ కుర్చీకి చక్రాలు పెట్టించమనండి. తోసుకుంటూ పోతాను."

"వాళ్ళిద్దరికీ పెట్టించాలి చక్రాలు," అన్నాను.

ఒకసారైతే మరీ చోద్యం. మా అన్నయ్య కుర్చీలో ఉండగా మా ఆయనకి మెమో ఇచ్చాడు, దస్త్రాలు ఆలస్యం చేస్తున్నావు, సంజాయిషీ ఇయ్యి అని. మా ఆయన బుద్ధిగా సంజాయిషీ రాసి పెట్టాడు. అది సూపరింటెండెంటు బల్ల మీదికి వెళ్ళేలోగా కోర్టు ఆర్డరు వచ్చి మా ఆయనే సూపరింటెండెంటయ్యాడు. తన సంజాయిషీ తనే రెండుసార్లు చదువుకుని, 'సంతృప్తికరంగా ఉంది' అని రాసి సంతకం పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి నాతో మురిసిపోతూ చెప్పాడు కూడా. కట్టుకున్నదాన్ని కనుక విన్నాను.

ఇంతవరకూ ఎలాగో భరించాను. కడుపు మండింది ఎప్పుడంటే, ఇద్దరి లాయర్లూ కూడబలుక్కున్నట్టు ఒకే సలహా ఇచ్చినప్పుడు. "పొరపాటున కూడా అవతలివాణ్ణి బావా అని పిలవకండి. వయసులో పెద్దవాణ్ణే బావ అంటారు. నోరు జారి అన్నారంటే, ఆయన పెద్దవాడని మీరే ఒప్పుకున్నట్టు," అన్నారు. ఆ రోజుతో ఇద్దరికీ నోట్లో ఆ మాట ఎండిపోయింది. బావా అని పిలవకుండా మాట్లాడటం ఇద్దరికీ చేతకాదు, పుట్టినప్పట్నించీ అదే పిలుపు. అందుకని అసలు మాట్లాడుకోవడమే మానేశారు. పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని, "ఆ కొలపాత్రల ఫైలు ఇటిమ్మని చెప్పు," అని ఒకరు, "ఇవ్వనని చెప్పు," అని ఒకరు, మధ్యలో నేను. నేనేమైనా టెలిఫోను తీగనా?

మాట్లాడుకోని మనిషి ఇంటికి ఏం వస్తాడు? రెండు వీధుల అవతలే అన్నయ్య ఇల్లు. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. నేను వెళ్తే వదిన లోపలికి లాక్కెళ్ళి వద్దన్నా వినకుండా వడ్డిస్తుంది, వాడు మాత్రం పేపరు అడ్డం పెట్టుకుంటాడు. "ఒక్కసారి మా ఇంటికి రా అన్నయ్యా," అంటే, "కేసు నడుస్తోంది కదే, ఎలా వస్తాను?" అంటాడు. కేసు నడుస్తుంటే కాళ్ళు నడవవా? ఆదివారాలు మా ఇల్లు చిన్నబోయి ఉండేది. మా ఆయన వరండాలో ఎదురు కుర్చీ వేసుకుని, దానిమీద తన కాళ్ళే పెట్టుకుని కూర్చునేవాడు. నాకు ఆ ప్రమోషనూ వద్దు, ఆ కుర్చీ మొహమూ వద్దు, మా అన్నయ్య ఒక్క ఆదివారం మా ఇంటికొస్తే చాలు అనిపించేది.

కేసు వయసు దగ్గర ఆగింది. ఎవరు పెద్దో రుజువు తెండి అంది కోర్టు. ఇక చూడాలి ఇద్దరి హడావిడీ. జుట్టుకి రంగేసుకోవడం ఇద్దరూ మానేశారు. మా ఆయన మెట్లెక్కుతూ మోకాలు పట్టుకుని మూలిగేవాడు. మా అన్నయ్య చేతికర్ర పట్టాడు. ఇంట్లో మామూలుగా నడిచే మనిషి ఆఫీసు గేటు కనబడగానే కుంటడం మొదలుపెట్టేవాడు.

అంతటితో ఆగితే బాగుండు. అన్నయ్య ఎవరో దూరపు చిన్నాన్నని పట్టుకొచ్చాడు. ఏటికి పెద్ద వరదొచ్చి వంతెన కొట్టుకుపోయిందే, అప్పటికే ఈ పిల్లాడు పాకుతున్నాడని ఆ ముసలాయన చేత రాయించి కోర్టులో వేయించాడు. అది చూసి మా ఆయన ఊరుకుంటాడా? ఇంకా ముసలాయన్ని వెతికి తెచ్చాడు. ఆ వంతెనకి పునాది తవ్వుతున్నప్పుడు ఈ పిల్లాడు పక్కన నిలబడి చూశాడని ఈయన చేత రాయించాడు. సంగతి విని అమ్మ నోరు నొక్కుకుంది.

"ఆ వంతెన పునాది తవ్వేనాటికి నాకే పెళ్ళి కాలేదే! నేను వీళ్ళని కన్నానా, వీళ్ళు నన్ను కన్నారా?" అంది.

విచారణ రోజు నేనూ అమ్మా వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాం. పాత గది, పైన పంకా తిరుగుతూ ప్రతి చుట్టుకీ కిర్రుమంటోంది. జడ్జీగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని రెండు కాగితాలూ చదివారు. ఒకసారి మా ఆయన్ని చూశారు, ఒకసారి మా అన్నయ్యని చూశారు. మా ఆయన గొంతు వణికించి దగ్గాడు. అన్నయ్య కర్ర మీదికి ఇంకా వంగాడు.

అప్పుడు సర్కారు తరఫు లాయరు లేచింది. బక్కపలచని మనిషి, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు.

"నాకు ఒక్కటే సందేహమండీ. ఈ వంతెన కట్టిందీ కూలిందీ ఎప్పుడో ఊరందరికీ తెలుసు. ఇద్దరూ చెప్పినది నిజమే అనుకుందాం. అలాగైతే పునాది చూసినాయన చాలా ఏళ్ళ కిందటే రిటైరవ్వాలి. వరదనాడు పాకినాయన కూడా ఎప్పుడో రిటైరవ్వాలి. మరి ఇద్దరూ ఇంకా ఆఫీసుకి ఎందుకు వస్తున్నట్టు? మా శాఖ అభ్యంతరమేమీ లేదు. ఎవరు పెద్దవాడని తేలితే ఆయన్ని సాయంత్రానికల్లా ఇంటికి పంపించేస్తాం," అంది.

పంకా కిర్రుమంటూనే ఉంది.

ముందు తేరుకున్నది మా అన్నయ్య. కర్ర బెంచీకి ఆనించి, నిటారుగా నిలబడ్డాడు. మా ఆయన వైపు తిరిగి, ఎన్నాళ్ళుగానో గొంతులో అణిచిపెట్టుకున్న మాటని నోరారా అనేశాడు.

"బావా! ఇంకా ఎందుకు బావా దాపరికం? పెద్దవాడివి నువ్వే. చెప్పెయ్ జడ్జీగారికి!"

మా ఆయన ఎగిరి పడ్డాడు. "భలేవాడివే బావా! నన్ను భుజాన వేసుకుని తిప్పింది నువ్వు కాదూ? అయ్యా, ఈయన నాకు బావండీ, సాక్షాత్తూ బావ. చిన్నప్పట్నించీ బావా అనే పిలుస్తాను. కావాలంటే మళ్ళీ పిలుస్తాను. బావా!"

"బావా, అబద్ధాలాడకు బావా! అయ్యా, ఈయన పునాది చూశాడండీ, కళ్ళారా చూశాడు!"

"ఎవడు చూశాడు? పునాదేంటి, నేను వంతెన కూడా చూడలేదు!"

జడ్జీగారు కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ కాగితం వణుకుతోంది. పక్కన అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "చూశావటే, ఎంతకాలానికి పిలుచుకున్నారో," అంది. ఆ సమయంలో అలా అనుకోగలిగింది అమ్మ ఒక్కతే. కానీ అబద్ధం ఎందుకు, నేనూ కొంగుతో కళ్ళొత్తుకున్నాను.

కాగితం దించాక జడ్జీగారు ఇద్దరి లాయర్లకీ చీవాట్లు పెట్టి ఆర్డరు చెప్పారు. సర్వీసు చివర్లో పుట్టిన తేదీ మార్చడం కుదరదు. రికార్డులో ఉన్నదే తేదీ. దాని ప్రకారం ఇద్దరూ సమానం. ఇద్దరూ సమానమైతే ఏం చెయ్యాలో చెప్పే రూలు ప్రభుత్వమే రాసుకోవాలి, తాను రాయనన్నారు. అది రాసేదాకా వీళ్ళిద్దరిలో ఎవరూ ఆ కుర్చీలో కూర్చోకూడదు. అలాగని ఆఫీసు ఆగకూడదు. కాబట్టి ఏ తగాదా లేకుండా, వీళ్ళ తరవాత వరసలో ఎవరుంటే వాళ్ళకి ప్రమోషన్ ఇవ్వండి అన్నారు.

వీళ్ళిద్దరూ బతుకుజీవుడా అని బయటపడి, మెట్ల మీద ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తరవాత వరసలో ఎవరు?" అన్నాడు మా ఆయన. "ఎవడో ఒకడు. ఉన్నాడా అసలు?" అన్నాడు మా అన్నయ్య. వెనకే మెట్లు దిగుతున్న నన్ను ఇద్దరూ చూడలేదు. అంతెందుకు, నేను కూడా చూసుకోలేదు.

మర్నాడు పెద్దాఫీసరు పిలిచి, "అభినందనలమ్మా," అని కాగితం చేతిలో పెట్టారు. అందులో పేరు నాదేనా అని మళ్ళీ చూసుకున్నాను. అన్ని పరీక్షలూ ఎప్పుడో పాసయ్యాను, వాళ్ళ తరవాత చేరినదాన్ని నేనే. ఇన్నేళ్ళూ వాళ్ళలో ఎవరు ముందు అన్నదే ఆఫీసంతా చెప్పుకునేది. మూడో మనిషి ఉందని ఎవరికీ తోచలేదు. బయటికొస్తే అటెండరు కుర్చీ తుడిచి సిద్ధంగా ఉంచాడు. తువ్వాలూ కుషనూ తీసేశాడు.

"ఇదన్నా కొన్నాళ్ళు కదలకుండా ఉంటుందా అమ్మా?" అన్నాడు.

కూర్చున్నాను. ఏముంది, కుర్చీయే కదా అనుకున్నాను. కాసేపయ్యాక కుర్చీ చేతుల మీద నా చేతులు పెట్టి చూశాను. బాగానే ఉంది. నిజం చెప్పాలంటే, చాలా బాగుంది. ఆ వారంలో దుకాణాలవాళ్ళ పాత అర్జీలు, ఎన్నాళ్ళుగానో వీళ్ళ తగువు కింద నలిగిపోయినవన్నీ, కట్టలు విప్పి తేల్చేశాను. పని చేస్తుంటే ఆకలి కూడా తెలియలేదు. ఇద్దరు సీనియర్లు మాత్రం చెరో బల్ల దగ్గరా మూతి ముడుచుకుని కూర్చున్నారు.

ఆ ఆదివారం కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు మా అన్నయ్య చెప్పులున్నాయి. పక్కనే అమ్మ చెప్పులు. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు, అక్కడే నిలబడి ఏడ్చాను. మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళాను. వరండాలో మా ఆయన ఎదురుగా మా అన్నయ్య. మధ్యలో ఒకటే టీ, రెండు గ్లాసుల్లో.

"వచ్చావా అన్నయ్యా," అన్నాను.

"ఆఁ, బావతో కాస్త పనుండి," అన్నాడు, నా వైపు చూడకుండా.

సంచి వంటింట్లో పెట్టి టీలోకి బిస్కెట్లు పళ్ళెంలో సర్దుతున్నాను. మాటలు వినబడుతూనే ఉన్నాయి. "భార్య కింద భర్తా, చెల్లెలి కింద అన్నా పనిచెయ్యడం ఆఫీసు క్రమశిక్షణకి భంగం. అలా రాద్దాం బావా," అంటున్నాడు మా అన్నయ్య. "అద్భుతం బావా. ఇద్దరం కలిసి వేస్తే కోర్టు కాదనదు," అంటున్నాడు మా ఆయన.

బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని వెళ్ళి వాళ్ళ మధ్యలో టక్కున పెట్టాను.

"ఒకరి కింద ఒకరు పని చేసినన్నాళ్ళూ రాని భంగం నా కింద చేస్తేనే వచ్చిందా?"

మా ఆయన కంగారుగా నవ్వాడు. "అంత పట్టింపు దేనికే. కేసు కూడా అక్కర్లేదు. ప్రమోషన్ నాకొద్దని ఒక్క ముక్క రాసిచ్చెయ్. తరవాత వరసలో ఇంకెవరూ లేరు. కుర్చీ ఖాళీగా ఉంటుంది, మేమేదో తేల్చుకుంటాం."

"నీకెందుకు చెల్లాయ్ ఈ తలనొప్పి?" అన్నాడు మా అన్నయ్య. వాడి గొంతులో ప్రేమే ఉంది, అదే నన్ను ఎక్కువ కాల్చింది. "ఇల్లు చూసుకోవాలి, పిల్లల్ని చూసుకోవాలి. పోనీ నువ్వు ఒప్పుకోకపోతే అర్జీ వెయ్యక తప్పదు. అన్నట్టు, టైపు..."

ఇద్దరూ ఆగి నా మొహంలోకి చూశారు. ఇన్నాళ్ళూ మా ఆయన అర్జీలు ఇంట్లో, మా అన్నయ్య అర్జీలు ఆఫీసులో, ఒకరికి తెలియకుండా ఒకరివి టైపు చేసిపెట్టింది నేనే. నా మీద వేసే అర్జీ కూడా నేనే టైపు చెయ్యాలని వాళ్ళ ఆశ. ఆ మొహాల్లో ఇసుమంత సిగ్గైనా లేదు.

అమ్మ నన్ను పక్కకి పిలిచి చెయ్యి పట్టుకుంది. "ఇచ్చెయ్యవే తల్లీ. వాళ్ళిద్దరూ కలిశారు, వాడు నీ ఇంటికొచ్చాడు. నువ్వు రోజూ నా దగ్గర కూర్చుని ఏడ్చింది దీనికోసమేగా? ఇంకేం కావాలి నీకు?"

నేను కోరుకున్నదే అక్కడ వరండాలో కూర్చుని బిస్కెట్లు తింటోంది. నా నోరు మూయించడానికి ఇంతకంటే ఏం కావాలి? నోరు మూసుకుందామనే అనుకున్నాను. కానీ మాట ఆగలేదు.

"నాకు ఆ కుర్చీ కావాలమ్మా," అన్నాను.

అందరూ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. నాకూ కొత్తగానే ఉంది. అంతవరకూ ఆ మాట నేను పైకి అనలేదు, లోపల కూడా అనుకోలేదు.

"నేనూ అదే పరీక్ష రాశాను. ఎవరి పక్కనా కూర్చుని రాయలేదు. పిల్లల్ని కని, పెంచి, మీ ఇద్దరి ఫైళ్ళూ సర్ది, మీ ఇద్దరి మాటలూ మోసి, నా పని నేను చేశాను. వరసలో నా వంతు వచ్చింది. వద్దని రాసివ్వను. మీరు కేసు వేసుకోండి. టైపు మాత్రం బజార్లో చేయించుకోండి."

మా అన్నయ్య లేచాడు. చెప్పుల వైపు చూశాడు. మళ్ళీ ఎన్నాళ్ళకో అనుకున్నాను.

"భోంచేసి వెళ్ళు," అన్నాను. "కేసు కేసే, కూర కూరే."

వాడు నిలబడే ఉన్నాడు. మా ఆయన వాడి చొక్కా పట్టుకుని లాగాడు. "కూర్చో బావా. అర్జీ ఇంకా సగమే అయింది."

కూర్చున్నాడు. ఇద్దరూ తిన్నారు. మారు వడ్డించుకుని తిన్నారు. నన్ను గద్దె దింపడం ఎలాగో మాట్లాడుకుంటూ నా చేతి వంట తిన్నారు. తరవాతి ఆదివారం మళ్ళీ వచ్చాడు, అర్జీలో ఇంకో మాట చేర్చాలని. ఆ పై ఆదివారం ఏ వంకా చెప్పకుండానే వచ్చాడు.

అర్జీ తయారయ్యాక ఇద్దరూ కలిసి ఆఫీసులో నా గదికి వచ్చారు. ముద్రల గడువు ముంచుకొస్తున్న రోజులు. బయట వరండా నిండా గోనెసంచులు, దుకాణాలవాళ్ళు, అరుపులు. ఇద్దరూ చెరో కాగితం నా బల్ల మీద పెట్టారు. మర్నాడు సెలవు కావాలట. కారణం అన్న చోట ఇద్దరూ 'సొంత పని' అని రాశారు. ఇద్దరూ కోర్టుకి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని లాయరు చెప్పాడన్న సంగతి నాకు తెలుసు. నా మీద కేసు వెయ్యడానికి నన్నే సెలవు అడుగుతున్నారు.

కలం తీశాను. ముద్రల గడువులో ఒకే సెక్షనులో ఇద్దరికి ఒకేసారి సెలవు ఇవ్వకపోయినా ఎవరూ నన్ను తప్పుపట్టరు. "ఒక్కరికే ఇస్తాను. మీ ఇద్దరిలో సీనియరెవరో ఆయన వెళ్ళండి," అంటే చాలు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అన్నానంటే వాళ్ళు గుమ్మం దాటకముందే జుట్లు పట్టుకుంటారు. అర్జీ చిరిగిపోతుంది. నేను రిటైరయ్యేదాకా నా కుర్చీ జోలికి ఎవరూ రారు.

తలెత్తి చూశాను. మా ఆయన తన కాగితం మీద తేదీ తప్పు రాశాడు. దిద్దడానికి కలం కోసం చొక్కా తడుముకున్నాడు, దొరకలేదు. అడగకుండానే మా అన్నయ్య జేబులోంచి లాక్కుని దిద్దుకుని, తిరిగి అదే జేబులో పెట్టాడు. మా అన్నయ్య అసలు గమనించనే లేదు.

రెండు కాగితాల మీదా 'మంజూరు' అని రాసి సంతకం పెట్టాను.

"ఎండ ముదరకముందే వెళ్ళిరండి. సాయంత్రం ఇద్దరూ తిన్నగా ఇంటికే రండి," అన్నాను.

మర్నాడు సెక్షనులో మనుషులు చాల్లేదు. గది తలుపు దగ్గరగా వేసి, కొంగు నడుముకి దోపుకుని, నేనే వరండాలోకి వెళ్ళి గుండ్లకు ముద్రలు కొట్టాను.